తుమ్మెదకు సరిపోయే సెల్లు

పూత మొదటి రోజు

మంచు తొందరగా విడిచింది. ఎనిమిది కాకముందే తూర్పు కొమ్మల మీద పూలు విచ్చుకున్నాయి. పన్నెండు దాటాక ఆ పూలకు పుప్పొడి అందించినా ఉపయోగం ఉండదు. అంటే రోజుకు మా పని నాలుగు గంటలు.

ముఠాకు ఒక దినచర్య పుస్తకం ఉండాలని తోటల శాఖ నియమం. రాసేది నేను, కొండ్రు సువార్త, ముఠా మేస్త్రిని. నాతో కలిపి పన్నెండు మందిమి. చిన్నరసాల మామిడి చెట్లు నాలుగు వందల పన్నెండు. తుమ్మెదలు పది.

తుమ్మెద అంటే చేత్తో పట్టుకునే మిషను. ఒక చెట్టు పుప్పొడిని పీల్చి ఇంకో చెట్టు పూత మీద ఊదుతుంది. అసలు తుమ్మెదలూ తేనెటీగలూ ఈ చుట్టుపక్కల కనబడక పద్నాలుగేళ్లు అయింది. ఆ పేరు దీనికి మిగిలింది. బరువు రెండు కిలోలు. పిడిలో బొటనవేలంత లావున్న సెల్లు రెండు పడతాయి. మీట నొక్కగానే ఒక్కసారిగా పదిహేను యాంపులు లాగుతుంది. ఆకలి ఎక్కువ దానికి.

పోయిన రెండేళ్లూ మా తోటలో కాయ తక్కువ. వరసగా మూడో ఏడు కూడా తగ్గితే శాఖ వాళ్లు చెట్లు కొట్టేసి, కరెంటు కోసం ఎండ పలకలు పరుస్తారు. పక్క ఊళ్లో అప్పుడే పరిచేశారు. అక్కడి ముఠా ఆడవాళ్లు ఇప్పుడు పలకలు తుడుస్తున్నారు.

నాలుగేళ్ల నాటి పాత సెల్లు అరవై ఉన్నాయి. వాటితోనే ఈరోజు నలభై రెండు చెట్లు చేశాం. రోజుకు యాభై దాకా చేస్తే గాని పూత రాలేలోపు పూర్తికాదు. పాతవి అలిసిపోయాయి. మధ్యాహ్నం మా సహకార సంఘం స్టోరు చూసుకునే గంగాధరం గారు కొత్త సెల్లు నలభై ఎనిమిది తెచ్చారు. ఆయన ముఖం వెలిగిపోతోంది.

"అంకె చూడు మేస్త్రమ్మా. ఐదువేలు! నీ పాతవాటికి రెట్టింపు నిలవ. ఇక నీ ముఠాకి తిరుగుండదు."

సంతోషంగా తీసుకున్నాను. చేతిలో ఎందుకో తేలిగ్గా అనిపించాయి. కొత్తవి కదా అనుకుని ఊరుకున్నాను.

పూత రెండో రోజు

పదిహేడు చెట్లు. ఇంత తక్కువ ఎప్పుడూ చెయ్యలేదు.

పొద్దున కొత్త సెల్లు వేసుకుని అందరూ హుషారుగా చెట్లెక్కారు. ఆరు నిమిషాలకు మొదటి తుమ్మెద ఆగిపోయింది. తర్వాత రెండోది. తొమ్మిదింటికి పదీ ఆగాయి. కొత్తవి ఉన్నాయి కదా అని పాతవాటిని ఛార్జింగుకు పెట్టనే లేదు. తీసి మీటరు పెడితే సెల్లు నిండుగా ఉన్నట్టే చూపిస్తాయి. పది నిమిషాలు పక్కన పెడితే మళ్లీ తిరుగుతాయి. రెండు నిమిషాలు తిరిగి మళ్లీ పడుకుంటాయి.

"ముట్టుకుని చూడక్కా, కాలిపోతన్నాయి," అంది భూలక్ష్మి, చెట్టు మీంచి సెల్లు జంట కిందికి అందిస్తూ. ముప్పై ఏళ్ల మనిషి, ముఠాలో అందరికన్నా చురుకు. అందుకే దూరపు వరసలు ఎప్పుడూ ఆమెకే ఇస్తాను.

నిజంగానే అరచెయ్యి చురుక్కుమంది.

షెడ్డులో ఛార్జింగు చూసుకునేది మా దీనమణి పిన్ని. డెబ్బై దగ్గర పడింది. తుమ్మెద ఎత్తలేదు కాని సెల్లు సంగతి బాగా తెలుసు. "ఇవి గంటలో నిండిపోయినయ్యే అమ్మాయ్. ఐదువేలైతే అంత తొందరగా నిండుతయ్యా?" అంది.

గంగాధరం గారికి కబురు పెడితే, "మిషన్లు పాతబడ్డాయి, అదీ సంగతి" అని జవాబు వచ్చింది.

పూత మూడో రోజు

పెళ్లికి ముందు ఆరేళ్లు నూజివీడులో స్కూటరు బ్యాటరీలు కట్టే షాపులో పనిచేశాను. అక్కడ నేర్చుకున్నది నిన్ననే గుర్తు తెచ్చుకోవాల్సింది. అంకె చూసి మురిసిపోయాను. నాదీ తప్పే.

ఈరోజు పాత సెల్లతో పని నడిపిస్తూ, షెడ్డులో పరీక్ష పెట్టాను. నీళ్లు కాచే పాత రాడ్డులోంచి తీగ తీసి, పదిహేను యాంపులు లాగేంత పొడవుకు కత్తిరించి, స్టీలు గ్లాసు నీళ్లలో ముంచాను. సెల్లును ఆ తీగకు తగిలిస్తే తుమ్మెద మీట నొక్కినట్టే. సెల్లు ఊరికే ఉన్నప్పుడు మీటరు ఏం చెప్పినా నమ్మకూడదు. పని చేస్తున్నప్పుడు ఏం చెబుతుందో చూడాలి.

కొత్త సెల్లు ఊరికే ఉంటే నాలుగు ఓల్టులు. తీగకు పెట్టగానే రెండూ ఆరుకు, అంటే రెండు పాయింటు ఆరు ఓల్టులకు, పడిపోయింది. తుమ్మెద రెండూ ఎనిమిది కంటే తగ్గితే ఆగిపోతుంది. పన్నెండు సెల్లు చూశాను, పన్నెండూ అంతే. మందుల కొట్టు నుంచి చిన్న త్రాసు తెప్పించి తూచాను. ఈ సైజు సెల్లు నలభై ఐదు గ్రాములన్నా ఉండాలి. ఇవి ముప్పై మూడు. లోపల సరుకు లేదు. ఐదువేల నిలవ పచ్చి అబద్ధం.

"నిజంగా ఐదువేలు ఉన్నా మనకు పనికొచ్చేవి కావు పిన్నీ," అన్నాను. "కుండ ఎంత పెద్దదైతే ఏం, మూతి సన్నగా ఉంటే మంటలార్పడానికి పనికిరాదు. మనకు ఒక్కసారిగా బోర్లించగలిగే బిందె కావాలి."

"మరి దాని మీద మూతి ఎంతో రాయరా?"

"రాస్తారు. యాంపులని రాస్తారు. వీటి మీద అది రాయలేదు. రాయనప్పుడే అనుమానించాల్సింది."

పాతవి అరవై కూడా తీగకు పెట్టాను. మూడుకు పైన నిలిచినవి ఇరవై ఆరు. మిగతావి పక్కన పెట్టేశాను. పది తుమ్మెదలకు ఇరవై పోగా మిగిలినవి మూడు జంటలు. అవి నిండేదాకా అందరూ చెట్ల కింద కూర్చోవాల్సి వస్తోంది. చెట్లు ముప్పై ఒకటి.

పూత నాలుగో రోజు

ఇది రాయడానికి చెయ్యి రావడం లేదు. కాని రాయాలి.

నడక కలిసొస్తుందని, దూరపు వరసల్లో ఉన్న ముగ్గురికీ ఒక్కో జంట అదనంగా ఇచ్చాను. "గుడ్డలో చుట్టుకుని రొంటిన దోపుకోండి" అన్నది నేనే. డబ్బాలు లేవు. డబ్బాలు చేయించాకే ఇవ్వాల్సింది.

పదిన్నరకు భూలక్ష్మి కేక వినపడింది. నేను వెళ్లేసరికి ఆమె చీర రొంటి లాగి పారేసి, నేల మీద పొగలు కక్కుతున్న సెల్లును కర్రతో బోడి నేలలోకి నెడుతోంది. అంత నొప్పిలోనూ ఎండుటాకులకు అంటుకుంటుందని ఆమెకే తోచింది. రొంటిలో ఆమె ఇంటి తాళంచెవి ఉంది. గుడ్డ జారింది. సెల్లు పైతొడుగు ఒకచోట చిరిగి ఉంది. తాళంచెవి దాని తలకూ ఆ చిరిగినచోటికీ అడ్డంగా తగిలింది. నడుము మీద అరచేయంత బొబ్బ.

బిందెలతో నీళ్లు పోస్తూనే ఉన్నాం. తర్వాత ఆరోగ్య కేంద్రానికి తీసుకెళ్లాం. వారం రోజులు బరువు ఎత్తకూడదన్నారు.

"ఏడవకక్కా, నాకే ఏడుపు రావట్లేదు," అంది మంచం మీంచి.

"చిరిగిన తొడుగు నేను చూడలేదే. నేనిచ్చిన సెల్లే అది."

"తాళంచెవి నేను పెట్టుకున్నదే కదా. సగం సగం పంచుకుందాంలే."

మధ్యాహ్నం గంగాధరం గారు వచ్చారు. షెడ్డు వాకిట్లోనే నిలబడి గట్టిగా అన్నారు. "చూశావా మేస్త్రమ్మా? కొత్తవి వాడమంటే వినలేదు. నీ పాత సెల్లే మనిషిని కాల్చాయి. రేపటి నుంచి పాతవి ముట్టుకోవద్దు. ఇది సంఘం మాట."

"కాల్చింది నా తెలివితక్కువతనం అండీ. ఆ తప్పు నాదని పుస్తకంలో రాస్తున్నాను, మీరూ చదవండి. తొడుగు చిరిగితే కొత్త సెల్లయినా కాలుస్తుంది," అన్నాను. "రేపటి సంగతి తర్వాత. మీరొకసారి తుమ్మెద పట్టుకోండి."

"నేనా?"

"మీరు తెచ్చిన సెల్లే వేసిస్తాను. ఒక్క చెట్టు చేసి చూపించండి. అయితే మీ మాటే వింటాను."

ఆయన కాదనలేకపోయారు. ముఠా అంతా చూస్తోంది మరి. షెడ్డు పక్క చెట్టు దగ్గర నిచ్చెన వేశాం. పన్నెండు దాటిన వేళ కాబట్టి పరీక్షకే. ఆయన పైకెక్కి, రెండు కిలోల మిషను తల మీదికి ఎత్తి మీట నొక్కారు. రెండో కొమ్మ సగంలో గాలి తగ్గింది. మూడో కొమ్మకు ఆగిపోయింది. మళ్లీ నొక్కారు, మళ్లీ నొక్కారు.

"ఛార్జింగు లేదా ఇందులో?"

"నిండుగా ఉంది. దింపి మీటరు పెట్టి చూసుకోండి."

చూసుకున్నారు. తర్వాత షెడ్డులో తీగ పరీక్ష కూడా ఆయన చేతులతోనే చేయించాను. నాలుగు నుంచి రెండూ ఆరుకు పడిన అంకెను పైకి చదివారు.

"జాబితాలో అన్నిటికంటే పెద్ద అంకె ఏదో చూసి రాశానమ్మా," అన్నారు చివరికి, నెమ్మదిగా. "మీకు మంచి జరుగుతుందనే రాశాను."

"నాకు తెలుసండీ."

"ఇప్పుడేం చేద్దాం? స్టోరులో ఇంకో రకం లేదు. తెప్పిస్తే పది రోజులు."

అప్పటికే నాకొకటి తోచింది. సామాన్లు మోసుకుని ఆకాశంలో తిరిగే గద్దలు, అదే డ్రోన్లు, ఉన్నాయి కదా. వాటికి నేల మీంచి లేవాలంటే ఒక్కసారిగా బలం కావాలి. నిలవ తక్కువైనా పరవాలేదు, అరగంటకోసారి దిగి మార్చుకుంటాయి. అచ్చం మా తుమ్మెద ఆకలే. కూలిపోయిన గద్దలన్నీ చేరేది విస్సన్నపేట పాత సామాన్ల కొట్టుకే.

"రేపు బండి తెస్తాను," అన్నారు గంగాధరం గారు.

ఈరోజు చెట్లు ముప్పై నాలుగు.

పూత ఐదో రోజు

ముఠాను పిన్నికి అప్పజెప్పి, తీగ, గ్లాసు, త్రాసు, మీటరు సంచిలో వేసుకుని బయల్దేరాను. పనికిరాని కొత్త సెల్లు కూడా పెట్టెతో సహా బండిలో పెట్టించాను.

కొట్టు రహంతుల్లా గారిది. గోడ వారగా రెక్కలు విరిగిన గద్దలు గుట్టగా పడి ఉన్నాయి. గద్దల సెల్లు కావాలంటే ఆయన నవ్వాడు.

"రెండువేలవా? అవి ఎవురూ అడగరమ్మా. లాంతర్లోళ్లు కూడా వద్దంటారు. ఇదుగో, ఆరువేలవి ఉన్నాయి, మెరుస్తన్నాయి చూడు."

"మెరుపు ఒద్దు భాయ్. మాసిపోయిన గద్ద సెల్లే చూపించు."

ఒక బకెట్టు తెచ్చి ముందు పెట్టాడు. సుమారు రెండు వందలు ఉంటాయి. గచ్చు మీద గోనె పరుచుకుని కూర్చున్నాం. ముందు కంటితో చూసి తొడుగు చిరిగినవి, అంచులు సొట్టపోయినవి, తుప్పు పట్టినవి తీసేశాను. ఆ తర్వాత తూకం. ఆ తర్వాత నిండా ఛార్జి చేసి తీగ. గంగాధరం గారు మీటరు పట్టుకుని అంకెలు చదివారు, నేను రాసుకున్నాను. ముప్పై యాంపుల దాకా ఇవ్వగలవని గద్దల సెల్ల మీద రాసుంటుంది. మనకు కావలసింది పదిహేనే. సగం బలంతో పనిచేస్తే వేడెక్కవు.

"మూడూ ఆరు... మూడూ ఐదు... మూడూ ఆరు," అని చదువుతున్న ఆయన ఒకచోట ఆగారు. "ఇదేంటమ్మా, రెండూ తొమ్మిది? తొడుగు మాత్రం కొత్తగా ఉంది."

"అందుకేనండీ. పాతదానికి కొత్త చొక్కా తొడిగారు."

రహంతుల్లా గారు వంగి చూసి తల గోక్కున్నాడు. "నా పిలకాయలు తొడిగింది కాదమ్మా, అల్లా తోడు. వచ్చేటప్పుడే అట్టా వచ్చింది."

"మంచిది భాయ్, నీ బకెట్లో నుంచి నువ్వే తీసెయ్యి."

మూడున్నరకు లేచేసరికి నిలిచినవి ముప్పై ఆరు. కాలిపోయినదాన్ని కూడా కలిపితే మాకు తక్కువైనవి ముప్పై ఐదు. బదులుగా మా పెట్టె ఇస్తానన్నాను. వాటి సంగతి దాచలేదు. ఇవి తుమ్మెదకు పనికిరావు, ఎల్‌ఈడీ లాంతరుకు మాత్రం పనికొస్తాయి, మీద ఉన్న ఐదువేల అంకెను మాత్రం నమ్మొద్దు, ఆ అంకె చెప్పి ఎవరికీ అమ్మొద్దు అన్నాను.

"నిజం చెప్పి అమ్మేవాళ్లని ఇప్పుడే చూస్తన్నా," అని పెట్టె లోపలికి తీసుకెళ్లాడు. కాగితం మీద సంతకం గంగాధరం గారు పెట్టారు. సంఘానికి ఏం చెబుతారని అడిగాను. "జరిగింది చెబుతాను" అన్నారు.

పాత సెల్లతో వాళ్లు చేసిన చెట్లు ఇరవై నాలుగు.

పూత ఆరో రోజు

భూలక్ష్మి తుమ్మెద నేను పట్టుకున్నాను. భుజం పీకేస్తోంది. పదేళ్లు చిన్నదాన్ని అనుకున్నాను, కాదు.

గద్దల సెల్లు ఇరవై ఐదు నిమిషాలే వస్తాయి. వస్తే మాత్రం ఆ ఇరవై ఐదు నిమిషాలూ గాలి ఒకటే వేగం. ఆఖరి నిమిషం దాకా తగ్గదు. పాతవీ గద్దలవీ కలిపి అరవై సెల్లను మూడు దఫాలుగా విడగొట్టాం. ఒకటి చేతుల్లో, రెండు ఛార్జింగులో. జంట విడిపోకుండా ఒక్కో జంటకూ ఒకే రంగు దారం చుట్టాం. పాత సెల్లును గద్ద సెల్లుతో కలిపితే బలహీనమైనది ముందే అయిపోయి, బలమైనది దాన్ని నలిపేస్తుంది. బలమున్నవాడూ అలిసినవాడూ కలిసి బరువు మోస్తే అలిసినవాడి నడుమే విరుగుతుంది కదా.

పిన్ని మామిడి చెక్కకు బెజ్జాలు పెట్టించింది. సెల్లు అందులో విడివిడిగా నిలబడతాయి. తల పైకి ఉంటే నిండినవి, కిందికి ఉంటే అయిపోయినవి. చెక్క నెత్తిన పెట్టుకుని వరస వరసకూ ఆమే తిరుగుతోంది. ఎవరి రొంటిలోనూ సెల్లు లేదు.

చెట్లు అరవై ఆరు.

పూత ఏడో రోజు

డెబ్బై నాలుగు. కట్టు కట్టుకునే వచ్చేసింది భూలక్ష్మి. ఇంటికి వెళ్లమంటే వినలేదు. "కూర్చుని దారాలు చుడతా, బరువేం ఎత్తను, డాక్టరమ్మకి చెప్పినా ఒప్పుకుంటది" అంది. పిన్ని పక్కన కూర్చుని పనిచేసింది. ఇద్దరూ ఒకరి మీద ఒకరు అరుచుకుంటూనే ఉన్నారు. ఆ అరుపులు వింటుంటే ధైర్యంగా ఉంది.

పూత ఎనిమిదో రోజు

డెబ్బై ఎనిమిది. మా ముఠా ఇంతకుముందెప్పుడూ ఒక్క రోజులో ఇన్ని చెయ్యలేదు. మిగిలినవి నలభై ఆరు. సాయంత్రం రేడియోలో రేపు వాన అన్నారు. పడమర మబ్బు చూశాను. రేడియో అబద్ధం చెప్పడం లేదు.

పూత తొమ్మిదో రోజు

ఎనిమిదికే మొదలుపెట్టాం. తొమ్మిదీ పావుకు మొదటి చినుకు పడింది. తడిసిన పుప్పొడి మట్టితో సమానం. అయినా తొమ్మిది ముప్పావు దాకా కొమ్మల కింద పొడిగా ఉన్న గెలలు వెతుక్కుంటూ ఊదాం. తర్వాత నేనే ఆపమన్నాను. తుమ్మెదల్లోకి నీళ్లు పోతే వచ్చే ఏటికి అవి కూడా ఉండవు.

ఇరవై ఏడు చేశాం. పల్లపు వరసలో పంతొమ్మిది చెట్లు మిగిలిపోయాయి. మొత్తం మూడు వందల తొంభై మూడు. షెడ్డులో తడిబట్టలతో నిలబడి అందరం వాన చూశాం. శాఖ లెక్క ప్రకారం మూడు వందల డెబ్బై చెట్లకు కాయ పడితే తోట ఉంటుంది. ఊదిన ప్రతి చెట్టుకూ పడుతుందని లేదు. అయినా నాకు భయం వెయ్యలేదు. ఆరో రోజు నుంచి ఊదిన గాలి ఎలాంటిదో నా చేతులకు తెలుసు.

పిందెల లెక్క రోజు

ముప్పై ఎనిమిది రోజుల తర్వాత పుస్తకం తెరిచాను. ఈ మధ్యంతా నీళ్లు పెట్టడం, కలుపు తియ్యడమే. రాయాల్సింది ఏమీ లేదు.

తోటల శాఖ నుంచి యశోధర గారని పరిశీలకురాలు వచ్చారు. చెట్టు చెట్టుకూ తిరిగారు. ప్రతి చెట్టుకూ నాలుగు వైపుల నుంచి పది గెలలు చూసి లెక్కపెట్టారు. కాయ పట్టనిదానికి ఎర్రగుడ్డ కట్టించారు. వెనకే మేమందరం. గంగాధరం గారు కూడా పొద్దుట్నుంచీ వెంటే ఉన్నారు, సంఘం వాళ్లు ఇద్దరితో.

రెండో రోజు చేసిన వరసకు వచ్చేసరికి ఎర్రగుడ్డలు ఒకటి తర్వాత ఒకటి. పదిహేడింటిలో పన్నెండు. గంగాధరం గారు ఆ వరస పొడవునా తల ఎత్తలేదు. తర్వాతి వరసల్లో పిందెలు గుత్తులు గుత్తులుగా ఉన్నాయి. ఉసిరికాయలంత లేతాకుపచ్చ పిందెలు, పక్కపక్కనే మూడేసి నాలుగేసి. ఆరో రోజు వరస మొదలయ్యాక ఎర్రగుడ్డల కట్ట విప్పనే లేదు, పల్లపు వరస దాకా.

యశోధర గారు లెక్క కూడి రెండుసార్లు చూసుకున్నారు.

"మూడు వందల ఎనభై ఒకటి," అన్నారు. "మీ తోట ఉంటుంది."

పిన్ని అక్కడే గట్టు మీద కూలబడి, "దేవా, దేవా" అంది రెండుసార్లు. గంగాధరం గారు పక్కకు వెళ్లి ముఖం తుడుచుకుని వచ్చారు. ఆ తర్వాత సంఘం వాళ్ల ఎదుటే నా దగ్గరకొచ్చి, వచ్చే ఏడు తెప్పించాల్సిన సెల్ల కాగితం తీశారు.

"ఏం రాయమంటావో చెప్పు మేస్త్రమ్మా. నువ్వు చెప్పిందే రాస్తాను."

"యాంపులు ముందు రాయండి. పాతికకు తగ్గకూడదు. నిలవ రెండువేల ఐదొందలున్నా చాలు. తూకం నలభై ఐదు గ్రాములు. ముందు నాలుగు సెల్లు పంపాలి, మేం తీగకు పెట్టి చూశాకే మిగతావి. ఇంకా, సెల్లు పెట్టుకునే డబ్బాలు, మనిషికి రెండు."

డబ్బాల మాట దగ్గర కింద రెండు గీతలు గీశారు.

మధ్యాహ్నం అందరూ ఇళ్లకు వెళ్లాక నేను, భూలక్ష్మి షెడ్డులో కూర్చున్నాం. సీజను అయిపోయాక సెల్లన్నీ ఒక్కోటీ చూసి, బాగున్నవాటిని సగం ఛార్జిలో దాచాలి. నిండుగా దాస్తే ఎండాకాలానికి పాడవుతాయి. భూలక్ష్మి నడుము మీద మచ్చ పడింది. పని చేసేటప్పుడు దాన్ని పట్టించుకోవడం మానేసింది.

"అక్కా, వచ్చే ఏడు మొదటి రోజు పల్లపు వరసలోనే మొదలెడదాం. ఆ పంతొమ్మిదీ నావి," అంది.

"సరే, నీవే."

"ఇది కూడా నేర్పు." మీటరు వైపు చెయ్యి చాపింది.

ఇచ్చాను. తొడుగు చుట్టూ తిప్పి చూసుకుంది, అంచులు తడిమింది, త్రాసులో పెట్టింది, ఆ తర్వాత తీగకు తగిలించింది. గ్లాసులో నీళ్లు సన్నగా బుడగలు పట్టాయి.

"మూడూ మూడు," అంది. "ఉంచాలా, తీసెయ్యాలా?"

"నువ్వే చెప్పు."

అంకె కదలకుండా నిలబడిందా లేదా అని పది లెక్కపెట్టేదాకా చూసింది. నిలబడింది. సెల్లు తీసి, వేడి ఉందేమోనని చెంపకు ఆనించుకుని, ఉంచే వైపు పెట్టి, ఇంకోటి అందుకుంది.